మా మర్దన గదికి వచ్చే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ తార్నాకలో ఒక పాత ఇంటి కింది వాటాలో మా మసాజ్ గది ఉంది. పనిచేసేది ముగ్గురం: నేను, చూపు లేని ఒక సహోద్యోగి, ఈ మధ్యే చేరిన ఒక అమ్మాయి. ఫోన్ చేసినవాళ్ళు ఎక్కువగా అడిగేవన్నీ ఇక్కడ రాసిపెట్టాను. అడగడానికి మొహమాటపడి ఫోన్ పెట్టేసేవాళ్ళూ ఉంటారు కదా, వాళ్ళ ప్రశ్నలు కూడా ఊహించి చేర్చాను.

ఇది స్పానా, ఆయుర్వేదమా, ఫిజియోథెరపీయా?

మూడూ కాదు. నూనెతోనో, నూనె లేకుండానో కండరాలను నిమరడం, పిసకడం, వత్తడం, నెమ్మదిగా సాగదీయడం మా పని. పుస్తకాల్లో దీన్ని స్వీడిష్ మసాజ్ అంటారు. పేరు స్వీడన్‌దే కానీ, ఈ పట్లను విడదీసి వాటికి పేర్లు పెట్టి స్థిరపరిచింది 19వ శతాబ్దపు డచ్ వైద్యుడు యోహాన్ మెజ్గర్. మా అమ్మమ్మకు ఆయనెవరో తెలియదు. భోగి నాడు తలంటేటప్పుడు ఆవిడ వేళ్ళు చేసిందీ దాదాపు అదే.

ఫిజియోథెరపీ వేరు. అది డిగ్రీ చదువు. 2021లో వచ్చిన చట్టం ప్రకారం ఆ వృత్తికి జాతీయ కమిషన్ కూడా ఉంది. మసాజ్‌కు మన దేశంలో అలాంటి విడి లైసెన్సు లేదు. అందుకని ‘సర్టిఫైడ్’ అన్న బోర్డు చూసి ఎవరినీ నమ్మొద్దు, మమ్మల్ని కూడా. చెయ్యి వేసే ముందు వాళ్ళు మిమ్మల్ని ఏమేం అడుగుతున్నారో చూడండి. బీపీ, మందులు, ఆపరేషన్లు, ఎక్కడ ముట్టుకోకూడదు అన్నవేవీ అడగకుండా నూనె సీసా మూత తీశారంటే లేచి వచ్చేయండి.

మెట్లు ఉన్నాయా? వీల్‌చెయిర్ లోపలికి వస్తుందా?

మెట్లు లేవు, వీల్‌చెయిర్ వస్తుంది. మా గుమ్మం నేలకన్నా 30 సెంటీమీటర్లు ఎత్తు. ర్యాంపుకు 1:12 వాలు ఉండాలన్నది లెక్క, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆ లెక్కన మా ర్యాంపు 3.6 మీటర్లు వచ్చింది, వాకిట్లో మల్లెపాదు పోయింది. నిటారుగా రెండు పలకలు వేసి ‘ర్యాంపు ఉంది’ అని చెప్పే చోట్లకు నేనూ వెళ్ళాను. అది ర్యాంపు కాదు, జారుడుబల్ల.

తలుపులు 90 సెంటీమీటర్ల వెడల్పు, గడపలు తీయించేశాం. బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలున్నాయి, తలుపు పక్కకు జరుగుతుంది. వీల్‌చెయిర్ లోపల తిరుగుతుంది.

బాగోనిదీ చెప్పాలి. మెట్రో స్టేషన్‌లో లిఫ్టు ఉంది కానీ అక్కడి నుంచి మా వీధి దాకా ఫుట్‌పాత్ నమ్మదగ్గది కాదు. ఆటోలో గేటు దాకా రండి. పెద్ద వాన పడితే మా మలుపులో నీళ్ళు నిలుస్తాయి, ఆ రోజు మేమే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ మారుస్తాం.

ఇదంతా ఎందుకు పెట్టుకున్నారు? మీరు వికలాంగుల కోసమే చేస్తారా?

అందరికీ చేస్తాం. మెడ పట్టేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు, రోజంతా నిలబడే టీచర్లు, డ్రైవర్లు, అందరూ వస్తారు. ఎందుకంటారా? నా ఎడమ కాలు పోలియో కాలు. పాతికేళ్ళప్పుడు నడుము నొప్పికని ఒక చోటికి వెళ్తే అది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ‘ఏం పర్లేదమ్మా, ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తుకొస్తారు’ అన్నారు. నొప్పితోనే తిరిగొచ్చాను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మనిషికి తగ్గట్టు ఏర్పాటు మార్చాలన్న మాట కూడా ఆ చట్టంలోనే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మనిషి బల్ల మీదికి ఎక్కలేకపోతే లోపం బల్లది. అది దించితే దిగుతుంది.

వీల్‌చెయిర్ నుంచి బల్ల మీదికి ఎలా మారాలి? మీరు ఎత్తుతారా?

ఎత్తం. మా బల్ల కరెంటుతో కిందికి దిగుతుంది, 45 సెంటీమీటర్ల దాకా. అంటే దాదాపు వీల్‌చెయిర్ సీటు ఎత్తు. జరిగేందుకు నున్నటి పలక ఉంది. ఇంట్లో మంచం మీదికి ఎలా మారతారో మీరు చెప్పండి, మేం ఆ ప్రకారం పక్కన నిలబడతాం. ఈ మారడానికి పట్టే టైమ్‌ను మీ గంటలోంచి కోయం.

మారడం ఇష్టం లేదా? కుర్చీలోనే ఉండండి. ముందుకు వాలడానికి దిండు పెట్టిన స్టాండు ఇస్తాం. మెడ, భుజాలు, వీపు, చేతులు, అరికాళ్ళు అన్నీ కుర్చీలోనే అవుతాయి. నిజానికి రోజంతా చక్రాలు తోసేవాళ్ళకు ముందు అరిగిపోయేవి భుజాలే కాబట్టి చాలామందికి ఇదే ఎక్కువ ఉపయోగం.

మా తమ్ముడికి యాక్సిడెంట్‌లో వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. మసాజ్ చేయించొచ్చా?

చేయించొచ్చు. కాకపోతే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడుకోవాలి. స్పర్శ లేని చోట ‘నొప్పిగా ఉంది, ఆపండి’ అని ఒళ్ళు చెప్పలేదు. అందుకని అక్కడ గట్టిగా వత్తం, వేడి కాపడం అసలు పెట్టం. తుంటి, మడమ, పిరుదు ఎముక దగ్గర చర్మం ఎర్రబడినా, నల్లబడినా ఆ చోటును రుద్దకూడదు. రుద్దితే రక్తం ఆడుతుందని ఇంట్లో పెద్దవాళ్ళు ప్రేమతోనే రుద్దుతారు, కానీ ఆ ఎరుపు, నలుపు పడక పుండుకు మొదలు. కింద కణజాలం అప్పటికే దెబ్బతిని ఉంటుంది. అక్కడ కావలసింది ఒత్తిడి తీసేయడం.

దెబ్బ ఛాతీ ఆరో వెన్నుపూస దగ్గరో, ఇంకా పైనో అయితే ఇంకో సంగతి. ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు, బీపీ అమాంతం పెరగడం లాంటివి రావచ్చు. దాన్ని అటనామిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారు. ఎక్కువసార్లు కారణం నిండిపోయిన మూత్రాశయం, లేదా మడతపడిన క్యాథెటర్ (మూత్రం బయటికి పోయే) గొట్టం. అలా అయితే పడుకోబెట్టి ఉంచం. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం చూస్తాం. తగ్గకపోతే ఆసుపత్రికే. అందుకే మొదలెట్టే ముందు యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసుకోమంటాం. నీళ్ళు తాగకుండా రావద్దు, బాత్‌రూమ్ ఉన్నది అందుకే.

పక్షవాతం వచ్చిన కాలు, చేయి మర్దనతో తిరిగొస్తాయా?

మర్దన వల్లే తిరిగొస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. బిగుసుకున్న కండరం కాసేపు వదులవుతుంది, నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. కదలిక తెచ్చేది ఫిజియోథెరపీ, రోజూ చేసే సాధన.

ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ. మూతి వంకరపోయి, చేయి పడిపోయిన మనిషిని ముందు పసరు మందుకో, మాలీషుకో తీసుకెళ్ళే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఆ గంటలు ఆసుపత్రివి. మా వంతు వారాల తర్వాత, డాక్టర్ సరేనన్నాక.

వచ్చాక కూడా పడిపోయిన చేతిని పట్టుకుని లాగం. భుజం కీలు అప్పటికే జారి ఉండొచ్చు. చేతి కింద దిండు పెట్టి, భుజం ఎముక చుట్టూ నెమ్మదిగా చేస్తాం.

పోలియో కాలికి చేస్తారా?

ఇది నా సొంత సబ్జెక్టు. మన దేశంలో సహజ వైరస్‌తో వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో, హౌరాలో. 2014 మార్చిలో పోలియో లేని ప్రాంతంగా సర్టిఫికెట్ వచ్చింది. ఆ తర్వాత జనం పోలియోనూ మర్చిపోయారు, పోలియో వచ్చినవాళ్ళనూ మర్చిపోయారు. మేం మాత్రం నలభైలు, యాభైలు దాటి ఇంకా ఇక్కడే ఉన్నాం.

చాలామంది థెరపిస్టులకు తెలియని సంగతి: పోలియో కాలికి బలం పోతుంది కానీ స్పర్శ పోదు. చీమ పాకినా తెలుస్తుంది. ‘మొద్దుబారిన కాలే కదా’ అని మోకాటితో తొక్కితే ప్రాణం పోతుంది. ఇంకోటి, ఆ కాలు చల్లగా ఉంటుంది. మామూలు వేసవిలో కూడా నేను దుప్పటి కప్పుకుంటాను. ఆ కాలికి తేలిక చేయి, గోరువెచ్చని నూనె. అసలు పని రెండో కాలికీ, నడుముకూ, చేతికర్ర పట్టే భుజానికీ ఉంటుంది. ఏళ్ళుగా బరువంతా మోసింది అవే.

ఈ మధ్య ఉన్న బలం కూడా తగ్గుతోంది, ఊరికే అలసిపోతున్నాను అనిపిస్తే వయసు అని సరిపెట్టుకోకండి. పోలియో వచ్చిన కొన్ని దశాబ్దాలకు అలా మళ్ళీ బలహీనత రావడం ఉంది, న్యూరాలజిస్ట్‌ను కలవండి.

బోదకాలు ఉంది. మమ్మల్ని ముట్టుకుంటారా?

ముట్టుకుంటాం. ఇలా అడగాల్సి రావడమే బాధ. బోదకాలు దోమ వల్ల వస్తుంది, తాకితే అంటదు. కాకపోతే జ్వరం, కాలు ఎర్రబడడం, గజ్జల్లో బిళ్ళలు ఉన్న రోజుల్లో మసాజ్ వద్దు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మామూలు రోజుల్లోనూ గట్టిగా పిసికితే వాపు తగ్గదు, చర్మం చిట్లితే ఇన్‌ఫెక్షన్. శోషరసం (లింఫ్ అనే ఒంటి ద్రవం) పేరుకున్న వాపుకు చేసే పద్ధతి చర్మం మీద చేయి జారినట్టుండేంత తేలికగా ఉంటుంది. అసలు మేలు చేసేవి రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, కాలు ఎత్తులో పెట్టుకుని, మడమ ఆడించడం. మొదటి సిట్టింగ్‌లో సగం టైమ్ ఇది చూపించడానికే పోతుంది.

మాది నల్గొండ వైపు. నాన్నకు ఫ్లోరైడ్ వల్ల నడుము, మెడ బిగుసుకుపోయాయి.

ఫ్లోరోసిస్‌లో ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు గట్టిపడి ఎముకలా మారతాయి. దాన్ని ఏ నూనే కరిగించదు. విరిచి, తిప్పి ‘టక్’మనిపించే పని ఈ వీపు మీద ఎవరూ చేయకూడదు, ప్రమాదం. చుట్టూ అలసిపోయిన కండరాలకు ఉపశమనం మాత్రం ఇవ్వగలం. నాన్నగారు బోర్లా పడుకోలేకపోతే పక్కకు తిరిగి, అదీ కాకపోతే కూర్చుని.

ఆడవాళ్ళకు ఆడవాళ్ళే చేస్తారా?

మీరు ఎవరిని కోరితే వాళ్ళే. ముగ్గురిలో ఇద్దరం ఆడవాళ్ళం. బుక్ చేసేటప్పుడే చెప్పండి, కారణం అడగం.

నేను ట్రాన్స్ వ్యక్తిని. అక్కడ ఎలా చూస్తారు?

మీరు చెప్పిన పేరుతో పిలుస్తాం. ఆధార్‌లో ఏముందో చూడం. ఎవరి జెండర్ వాళ్ళు చెప్పుకున్నదేనని 2014లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫారమ్‌లో ఆడ, మగ గడులు లేవు, ‘మిమ్మల్ని ఎలా పిలవాలి’ అని ఒక గీత ఉంది. ఛాతీకి బైండర్ (అదిమి ఉంచే బిగుతు బట్ట) వేసుకుంటే తీయాల్సిన పని లేదు. తీస్తే పక్కటెముకల దగ్గర పట్టేసిన చోటు సులువుగా అందుతుంది, అంతే. హార్మోన్లు వాడుతుంటే చెప్పండి. కుతూహలం కాదు, ఈస్ట్రోజెన్‌తో రక్తం గడ్డకట్టే అవకాశం కొంచెం పెరుగుతుంది, పిక్క వాపు ఉంటే మేం జాగ్రత్తపడాలి. ఆపరేషన్ మచ్చల మీద సర్జన్ సరేనన్నాకే చేయి వేస్తాం.

మొదటి ఏడాది నేనే ఒకరిని నోరు జారి ‘సార్’ అని పిలిచాను. ఆవిడ మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి ఫోన్లోనే అడిగి రాసుకుంటున్నాను.

బట్టలన్నీ తీయాలా?

వద్దు. నైటీ, లుంగీ, చుడీదార్, టీషర్ట్, దేంతోనైనా చేస్తాం. బట్టల మీంచి అయితే నూనె ఉండదు, వత్తడం, సాగదీయడం ఉంటాయి. తీసినా దుప్పటి కప్పే ఉంటుంది. ఏ భాగానికి చేస్తున్నామో అదొక్కటే బయట. బురఖా, తలపాగా, చేతి కంకణం, జంధ్యం, మంగళసూత్రం ఏదీ తీయమని అడగం. నూనె అంటుతుందని మాత్రం చెబుతాం.

‘ఇంకేమైనా సర్వీసు’ ఉందా?

లేదు. వారానికి రెండు మూడు సార్లు ఈ ఫోన్ వస్తుంది. గదిలో అలాంటి మాట వస్తే అక్కడితో ఆపేస్తాం, డబ్బు మొత్తం తీసుకుంటాం, మళ్ళీ రానివ్వం. అలాగే మా వైపు నుంచి ఎవరి చేయి మీకు తేడాగా అనిపించినా వెంటనే ‘ఆపు’ అనండి. ఆ మాటకు వివరణ అక్కర్లేదు.

నాకు వినపడదు. బోర్లా పడుకుంటే మీ పెదాలు, చేతులు కనపడవు కదా?

అందుకే ముందే గుర్తులు అనుకుంటాం. భుజం మీద రెండుసార్లు తడితే ‘తిరగండి’. మీరు బల్లను ఒకసారి తడితే తగ్గించమని, రెండుసార్లు తడితే ఆపమని. మొదటి మాటలన్నీ కాగితం మీదో, ఫోన్లో టైప్ చేసో. మా కొత్తమ్మాయికి సైగల భాష కొంచెం వచ్చు. కొంచెమే, వచ్చని గొప్పగా చెప్పను. చెవి మిషన్ పెట్టుకోవడానికి మూత ఉన్న పొడి డబ్బా ఉంది. నూనె చేతులతో మేం దాన్ని ముట్టుకోం.

చూపు లేని మనిషి మసాజ్ ఎలా చేస్తారు?

చేతులతో. ఈ ప్రశ్నకు మా సహోద్యోగి చెప్పే జవాబు ఇదే, నేను మార్చలేదు. జపాన్‌లో ఇది శతాబ్దాల నాటి వృత్తి. 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే చూపు లేని సూదివైద్యుడు, చూపు లేనివాళ్ళకు సూదివైద్యం, మర్దన నేర్పే బడులు పెట్టాడు. మా గదిలో లైట్లు ఆర్పేసి నాకూ ఆయనకూ పోటీ పెడితే ఓడిపోయేది నేనే. చర్మం మీద పుట్టుమచ్చ రంగు మారిందా, దద్దుర్లున్నాయా అన్నవి మాత్రం నేను ముందు చూసి ఆయనకు చెబుతాను.

మా అబ్బాయికి ఆటిజం. ఎవరైనా ముట్టుకుంటే అరుస్తాడు.

అయితే మొదటి రోజు ముట్టుకోం. వచ్చి గది చూసి వెళ్ళండి, డబ్బు లేదు. లైటు తగ్గిస్తాం, ఫ్యాన్ చప్పుడు, అగరొత్తి, పాట ఏదీ ఉండదు. కొందరు పిల్లలకు తేలిక స్పర్శ చీమలు పాకినట్టు భరించలేనిది, నిదానంగా గట్టిగా వత్తితే హాయి. కొందరికి దీనికి పూర్తిగా ఎదురు. మీరు పక్కనే ఉండాలి. ఆటిజం ‘తగ్గుతుంది’ అని మేం చెప్పం. వాడు వద్దంటే వద్దు. అమ్మానాన్నల ‘సరే’ మీద పిల్లాడి ‘వద్దు’ నెగ్గుతుంది.

నేను చాలా లావు. బల్ల ఆగుతుందా?

ఆగుతుంది, 250 కిలోల దాకా. చేతుల్లేని వెడల్పు కుర్చీలు, పెద్ద దుప్పట్లు ఉన్నాయి. బరువు తగ్గమని సలహా ఇవ్వం, మీరు అందుకు రాలేదు.

గర్భిణులు రావచ్చా?

డాక్టర్ సరేనంటే రావచ్చు. ఐదో నెల నుంచి వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టం. గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరుగుతాయి. పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు. పొట్ట మీద వత్తం. ముఖం, చేతులు ఒక్కసారిగా వాచి, తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే మా దగ్గరికి కాదు, ఆసుపత్రికి. బాలింతలు సిజేరియన్ కుట్టు మానేదాకా ఆగండి. ఆలోగా పాదాలకు, భుజాలకు చేయించుకోవచ్చు.

షుగర్, బీపీ, గుండె మందులు, క్యాన్సర్... ఇవుంటే?

వీటిలో ఏదున్నా చెప్పండి, తరవాత చూద్దాం. షుగర్‌తో అరికాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళకు వేడి నీళ్ళు, రాళ్ళు పెట్టం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు గట్టి పట్టు వద్దు, కమిలిపోతుంది. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) అయినా అంతే. క్యాన్సర్ చికిత్సలో ఉంటే మీ డాక్టర్ అనుమతితో చాలా తేలికగా చేస్తాం. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో బిళ్ళలు తీసేసి ఉంటే ఆ చేతికి బలంగా వత్తం.

ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే చేయి వేయకుండా పంపేస్తాం. లోపల రక్తం గడ్డ ఉంటే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. జ్వరం, చీము, కొత్తగా విరిగిన ఎముక, తాజా కుట్లు ఉన్నా అంతే. వెనక్కి పంపినందుకు డబ్బు తీసుకోం.

గట్టిగా నొప్పి పుట్టేట్టు చేస్తేనే పనిచేస్తుందట కదా?

అదొక పాత నమ్మకం, మగవాళ్ళలో మరీ. నొప్పికి ఒళ్ళు బిగుసుకుంటుంది, బిగుసుకున్నదాన్ని మళ్ళీ వత్తడం ఎందుకు? కాస్త ‘తీపి నొప్పి’ సరే. ఊపిరి బిగపడుతున్నారంటే మేమే తగ్గిస్తాం.

ఎంత తీసుకుంటారు?

గంటకు 1,200 రూపాయలు. అది కష్టమైతే 800, లేదా 500. ఏది ఇవ్వగలరో మీరే చెప్పండి. ఆదాయ పత్రం, వైకల్యం కార్డు అడగం. మోసం చేయరా అంటారు. ఒకరిద్దరు చేసి ఉంటారు. అయినా పర్లేదు, రుజువులు అడిగి మిగతావాళ్ళను అవమానించడం కంటే ఇదే చౌక. ఆరోగ్య బీమా మాత్రం మామూలుగా దీనికి డబ్బివ్వదు.

తోడు ఎవరైనా లోపలికి రావచ్చా?

రావచ్చు, మీరు కోరితే. ఫారమ్ ప్రశ్నలు మాత్రం మిమ్మల్నే అడుగుతాం. ‘వాడికేం తెలుసండీ, నన్నడగండి’ అనే తోడువాళ్ళకు బయట చాయ్ ఇస్తాం.

ఏం తిని రావాలి, ఏం తెచ్చుకోవాలి?

భోజనం చేసి గంటన్నర అయ్యాక రండి. మేం వాడేది నువ్వుల నూనె, పడకపోతే కొబ్బరి నూనె, రెండూ పడకపోతే మీ సీసా తెచ్చుకోండి. వాసన నూనెలు లేవు. పాత బట్టలు, పాత చెప్పులు మేలు. వెళ్ళే ముందు అరికాళ్ళు పొడి తువ్వాలుతో మేమే తుడుస్తాం. అయినా క్యాలిపర్ (కాలికి కట్టే ఊత కడ్డీలు), చేతికర్ర ఉన్నవాళ్ళు ర్యాంపు దాకా తొందరపడకండి, నూనె పాదం మా టైల్స్ మీద ఇట్టే జారుతుంది. నేను రెండుసార్లు పడ్డాను.